కేబుల్ పెట్టారు సరే.. ల్యాప్‌టాప్ దాన్ని వాడుతోందా?

అమెరికాలో మన ఇళ్లలో ఇంటర్నెట్ వినోదానికి మాత్రమే కాదు. ఆఫీసు పని, పిల్లల ఆన్‌లైన్ తెలుగు క్లాసు, ఊళ్లో ఉన్న అమ్మానాన్నలతో వీడియో కాల్.. అన్నీ దాని మీదే. హెచ్‌1బీ వీసా మీద ఉన్నవారికి ఉద్యోగం పోతే గరిష్ఠంగా 60 రోజులే గడువు. ఆ రోజుల్లో వచ్చే ఒక్కో వీడియో ఇంటర్వ్యూ విలువ ఎంతో చెప్పనక్కర్లేదు.

ఈ మధ్య మా ఫ్రిస్కోలో అలాంటి పరిస్థితిలో ఉన్న మిత్రుడొకరు ఫోన్ చేశారు. "అన్నా, మొదటి రౌండులో నా మాట రెండుసార్లు తెగిపోయింది. రేపు ఫైనల్. కేబుల్ పెట్టినా ఇంతే" అన్నారు. వెళ్లి చూశాను. కేబుల్ ఉంది, లైటూ వెలుగుతోంది. కానీ ల్యాప్‌టాప్ మాత్రం వైఫై మీదే నడుస్తోంది.

కారణం ఇదీ. కేబుల్, వైఫై రెండూ ఉన్నప్పుడు విండోస్ ఒక్కోదానికి 'మెట్రిక్' అనే అంకె ఇస్తుంది. అంకె ఎంత తక్కువైతే అంత ప్రాధాన్యం. లింకు వేగాన్ని బట్టి గిగాబిట్ కేబుల్‌కు 25, మంచి వేగమున్న వైఫైకి 30 వస్తాయి. అంటే మామూలుగా కేబులే గెలవాలి. అయితే మిత్రుడి కేబుల్ పాతది. ఈథర్నెట్ కేబుల్‌లో ఎనిమిది తీగలుంటాయి. గిగాబిట్ వేగానికి ఎనిమిదీ బాగుండాలి, 100 మెగాబిట్లకు నాలుగు చాలు. మిగతా నాలుగింట్లో ఏదైనా దెబ్బతింటే లింకు 100కు పడిపోతుంది, మెట్రిక్ 35 అవుతుంది. వైఫై గెలిచేది అలాగే!

వేగం లెక్కలో విండోస్ తప్పేమీ లేదు. కానీ వీడియో కాల్‌కు కొద్ది మెగాబిట్లు చాలు, కావాల్సింది నిలకడ. వైఫైలో ఇంట్లోని ఫోన్లు, టీవీలు, పక్కింటి రౌటర్లు వంతులు వేసుకోవాలి. 2.4 గిగాహెర్ట్జ్ మీద ఉంటే వంటింట్లోని మైక్రోవేవ్ కూడా అడ్డు తగులుతుంది. కేబుల్‌కు ఆ పోటీ లేదు. ఆ రాత్రే కేబుల్ మార్చి, అంకెలూ మార్చాం. మర్నాడు గంటసేపు సాగిన ఇంటర్వ్యూలో ఒక్క మాటా తెగలేదు.

మీరూ ఒకసారి చూసుకోండి. టాస్క్ మేనేజర్‌లో 'పెర్ఫార్మెన్స్' తెరిచి ఒక వీడియో నడపండి. ఈథర్నెట్ గీత కదలకుండా వైఫై గీత ఎగిరిపడుతుంటే మీదీ ఇదే సమస్య. కంట్రోల్ ప్యానెల్‌లోని నెట్‌వర్క్ కనెక్షన్లలో ఈథర్నెట్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్, ఇంటర్నెట్ ప్రొటోకాల్ వర్షన్ 4, మళ్లీ ప్రాపర్టీస్, అడ్వాన్స్‌డ్ వరుసగా తెరవండి. 'ఆటోమేటిక్ మెట్రిక్' టిక్ తీసేసి 10 అని రాయండి. వైఫైకి ఇలాగే 50 ఇవ్వండి. వర్షన్ 6కూ ఇదే చేయాలి. మ్యాక్‌లో ఇంకా సులువు: నెట్‌వర్క్ సెట్టింగుల్లో 'సెట్ సర్వీస్ ఆర్డర్' తెరిచి ఈథర్నెట్‌ను పైకి లాగితే సరి.

వైఫై ఆపేస్తే పోదా అంటారా? పోతుంది. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో సెట్టింగులు మార్చనివ్వకపోతే అదే దారి. కానీ వరుస చెప్పి రెండూ ఉంచుకుంటే, పిల్లలు కేబుల్ లాగేసినా వైఫై అందుకుంటుంది. లైబ్రరీకి తీసుకెళ్లినా మళ్లీ ఏదీ మార్చక్కర్లేదు.

ఒక్క జాగ్రత్త. కాల్ మధ్యలో కేబుల్ పెడితే అప్పటికే మొదలైన కాల్ వైఫై మీదే ఉండిపోవచ్చు. వీపీఎన్ వాడుతుంటే అదీ తిరిగి కలపాల్సి రావచ్చు. అందుకే ముందు కేబుల్, ఆ తర్వాతే కాల్. ముఖ్యమైన ఇంటర్వ్యూ ఉంటే ముందురోజే ఒకరికి ఫోన్ చేసి పరీక్షించుకోండి. ఊళ్లో అమ్మకు చేస్తే రెండు పనులూ అవుతాయి.