ఉద్యోగం ఇయ్యకముందే మన గుట్టంతా వాళ్లకెందుకప్పా?

ఆదోని పక్క పల్లెల నుంచి సుగ్గికి పోయేటోళ్లను మేస్త్రి అడిగేది రెండే. ఎంతమంది వస్తారు, అడ్వాన్సు ఎంత కావల్ల. అదే ఇంట్లో పిల్లోడు డిగ్రీ చేసి బెంగళూరు కంపెనీకి అప్లై చేస్తే మాత్రం అడిగేదానికి అంతే లేదు. ఆధార్ ముందూ ఎనకా, పాన్, పాస్‌బుక్, నాయన ఏం పని చేస్తాడు, ఇంటిపేరేంది (కులం అడగలేక అడిగే ప్రశ్న ఇది), పెండ్లయిందా. ఇంకా ఇంటర్వ్యూ గూడా కాలేదు!

ఆడపిల్లలకైతే ఇంకా ఎక్కువ. ఎల్ఐసీలో 1989లో ఒకామె ఉద్యోగంలో చేరింది. చేరేటప్పుడు నింపే డిక్లరేషన్‌లో నెలసరి సరిగ్గా వస్తాదా, చివరిసారి ఎప్పుడొచ్చింది, ఎన్నిసార్లు కడుపొచ్చింది, పోయిందా అని కాలమ్‌లు ఉండె. ఆమె కడుపుతో ఉన్న సంగతి దాచిందని ప్రొబేషన్‌లోనే తీసేసినారు. సుప్రీంకోర్టుకు పోతే 1991లో ఆమెను మళ్లీ తీసుకోమనింది, ఆ కాలమ్‌లే తీసేయమనింది. ఆమె నిజం రాయకపోవడం కాదు, అట్లాటివి అడగడమే అసలు తప్పు అనేది కోర్టు మాట. సర్కారు సంస్థలోనే ఇట్లుంటే చిన్న కంపెనీల సంగతి మీరే చూసుకోండి.

హెచ్ఐవీ పరీక్ష చేయించుకుంటేనే ఉద్యోగం అనకూడదని 2017 చట్టం ఉంది. ప్రైవేటు కంపెనీలు ఆధార్ కోసం పట్టుబట్టే దారి ఇచ్చిన సెక్షన్‌ను 2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఉద్యోగంలో చేరినాక పీఎఫ్‌కు ఆధార్ కావల్ల, అది వేరే సంగతి. చేరకముందు గుర్తింపు కోసం అడిగితే మాస్క్‌డ్ ఆధార్ ఇస్తే చాలు. ఆధార్ వెబ్‌సైట్‌లోనే డౌన్‌లోడ్ అయితాది, చివరి నాలుగు అంకెలే కనపడతాయి. జిరాక్స్ ఇస్తే దానిమీద ఏ కంపెనీకి, ఎందుకు, ఏ తేదీన ఇచ్చినారో అడ్డంగా రాసి సంతకం పెట్టండి.

ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపియ్యండి, ఇడిసిపెట్టి రావద్దు. ఇంకో ఉద్యోగం దొరికిన రోజు వాటికోసం వాళ్ల కాళ్లు పట్టుకోవాల్సి వస్తాది. సంతకం పెట్టిన ఖాళీ చెక్కు అడిగితే ఆడ్నుంచి లేచి వచ్చేయండి. దాంట్లో ఎంత రాస్తారో వాళ్లిష్టం, బౌన్సయితే కేసు మీమీద పడతాది, అప్పు లేదని తేల్చుకోవాల్సింది మీరే.

అన్నిటికన్నా చెడ్డది ఇంకొకటి ఉంది. వాట్సాప్‌లో ‘ఇంట్లోనే పని’ అని వచ్చి, జీతం వేయడానికి అని చెప్పి ఏటీఎం కార్డు, ఓటీపీ, బ్యాంకు సిమ్ము అడుగుతారు. జీతం వేయడానికి అకౌంటు నంబరు, ఐఎఫ్ఎస్‌సీ కోడు చాలు కదా! మిగతావి అడిగేది మీ అకౌంటులో దొంగ డబ్బు తిప్పడానికే. వాళ్లు దొరకరు, పోలీసులు వచ్చేది మీ ఇంటికే. ఇప్పటికే ఇచ్చినోళ్లుంటే సిగ్గుపడి గమ్మునుండొద్దు. బ్యాంకుకు చెప్పి అకౌంటు ఆపించి, 1930కి ఫోన్ చేయండి.

ఇయ్యనంటే ఉద్యోగం పోతాదేమో అంటారు. పోవచ్చు గూడా, అబద్ధం చెప్పను. అందుకే ‘ఇయ్యను’ అనకుండా ‘ఆఫర్ లెటర్ చేతికొచ్చినాక ఇస్తాను సార్’ అనండి. మనిషి కావాల్సిన కంపెనీ రెండు రోజులు ఆగుతాది. కాగితాలే కావాల్సినోడు అప్పుడే ఫోన్ పెట్టేస్తాడు.