వార్తల్లో పదం: బయోస్ ఫ్లాష్‌బ్యాక్

కంప్యూటర్ బయోస్ అప్‌డేట్ సగంలో ఉండగా కరెంటు పోతే, ఆ తర్వాత స్విచ్ వేసినా ఫ్యాన్లు తిరుగుతాయే తప్ప తెర మీద ఏమీ రాదు. మదర్‌బోర్డు పోయిందనుకుని చాలామంది కొత్తది కొనేస్తారు. తొందరపడొద్దు. సాధారణంగా పాడయ్యేది బోర్డు కాదు, దాని మీదున్న చిన్న ఫ్లాష్ చిప్‌లోని బయోస్ ప్రోగ్రాం. 1999 ఏప్రిల్ 26న సీఐహెచ్ వైరస్ ఎన్నో కంప్యూటర్లలో ఈ ప్రోగ్రామ్‌నే చెరిపేసింది. అప్పట్లో చిప్ మార్చడమో, మళ్లీ రాయించడమో తప్ప పెద్దగా దారి లేదు.

ఇప్పుడు చాలా బోర్డులకు వెనకవైపు ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉంటోంది. ప్రాసెసర్, ర్యామ్ లేకపోయినా ఇది పనిచేస్తుంది. అదే దీని గొప్పతనం! బోర్డు మీది ప్రత్యేక కంట్రోలర్ పెన్‌డ్రైవ్‌లోని బయోస్ ఫైలును నేరుగా చిప్‌లోకి ఎక్కిస్తుంది. పెన్‌డ్రైవ్‌ను ఫ్యాట్32లో ఫార్మాట్ చేయాలి. ఫైలుకు కంపెనీ చెప్పిన పేరే పెట్టాలి. పెన్‌డ్రైవ్‌ను దీనికోసం కేటాయించిన పోర్టులోనే పెట్టి బటన్ నొక్కాలి. లైటు మిణుకుమిణుకుమంటున్నంతసేపూ దేన్నీ ముట్టుకోకూడదు.

బటన్ లేని బోర్డయితే చిప్‌కు క్లిప్ తగిలించి, ప్రోగ్రామర్ పరికరంతో రాయాలి. ఇక్కడ వోల్టేజీ ముఖ్యం: 1.8 వోల్టుల చిప్‌కు 3.3 వోల్టులు ఇస్తే కాలిపోవచ్చు. రాసేముందు పాత డేటాను కాపీ చేసుకోండి, సీరియల్ నంబరు లాంటివి అందులోనే ఉండొచ్చు. ఫైలు దించుకునేటప్పుడు మోడల్ పేరుతో పాటు బోర్డు మీద ముద్రించిన రివిజన్ నంబరునూ సరిచూసుకోండి.