వాలే రెప్ప నిద్ర కాదు

పాము కరిచినవాణ్ని నిద్రపోనివ్వకూడదని మన ఊళ్లలో గట్టి నమ్మకం. రెప్పలు వాలుతుంటే చెంపలు తడతారు, మొహాన నీళ్లు కొడతారు, వేపాకు నమిలించి చేదు తెలుస్తోందా అని అడుగుతారు. ఆ కాస్త సమయమూ వృథా. రెప్ప వాలుతున్నది నిద్రకు కాదు.

నాగుపాము, కట్లపాముల విషం నరం నుంచి కండరానికి అందాల్సిన సంకేతాన్ని అడ్డుకుంటుంది. రెప్పలెత్తే, కనుగుడ్లను తిప్పే కండరాలు అన్నిటికన్నా ముందు లొంగిపోతాయి. రెప్పలు వాలతాయి, ఒకటి రెండుగా కనిపిస్తుంది. తర్వాత వంతు గొంతుది, ఊపిరిది.

కట్లపాము మరీ మోసకారి. రాత్రిపూట నేలమీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. నొప్పి, వాపు పెద్దగా ఉండవు కాబట్టి కరిచినట్టే తెలియకపోవచ్చు. తెల్లారి కడుపునొప్పితో లేచిన మనిషికి రెప్పలు బరువెక్కుతున్నాయంటే కట్లపాము కరిచిందేమోనన్న అనుమానం రావాలి. విషం ముదిరితే ఒళ్లంతా చచ్చుబడుతుంది, టార్చి వేసినా కంటిపాపలు కదలవు. చూసేవాళ్లు ఆశ వదిలేసుకుంటారు. కానీ లోపల మనిషికి స్పృహ ఉండొచ్చు, పక్కనవాళ్ల ఏడుపు వినిపిస్తూనే ఉండొచ్చు! వెంటిలేటర్ మీద రోజుల తరబడి కాపాడితే ఇలాంటివాళ్లు కోలుకుని ఇంటికి వెళ్లిన సందర్భాలున్నాయి. ఇక్కడ సాధారణంగా చూపు పోదు, రెప్ప మళ్లీ తెరుచుకుంటుంది.

చూపుకే ఎసరు పెట్టగలిగేది రక్తపింజర. దాని విషం రక్తాన్ని గడ్డకట్టించే పదార్థాలను హరించేస్తుంది. ఆసుపత్రిలో గాజుగొట్టంలో కొంచెం రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచేది అందుకే. గడ్డకట్టకపోతే విరుగుడు మందు ఎక్కిస్తారు. తెల్లగుడ్డు మీద ఎర్రమచ్చ కనిపిస్తే కంటివరకు పెద్ద ప్రమాదం లేదు. రెటీనాలో రక్తం కారితే మాత్రం చూపు మసకబారుతుంది. మెదడు వెనకభాగం దెబ్బతింటే కళ్లు బాగానే ఉన్నా ఏమీ కనిపించదు. ఇవి అరుదే, కానీ పోయిన చూపు అందరికీ తిరిగి రాదు.

ఇక ఆఫ్రికా, ఆగ్నేయాసియాల్లో నేరుగా కళ్లలోకే విషం చిమ్మే నాగులున్నాయి. ఆ విషం కంట్లో పడితే వెంటనే ధారాళంగా నీళ్లతో కడగాలి.

మన దగ్గర దొరికే విరుగుడు మందు నాగు, కట్ల, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ పనిచేస్తుంది. పామును వెతికి చంపి మోసుకెళ్లక్కర్లేదు. అయితే కట్లపాము విషం నరాల చివరలను దెబ్బతీశాక ఆ నష్టాన్ని మందు వెనక్కి తిప్పలేదు. కాబట్టి రెప్ప వాలేదాకా ఆగకండి, వెంటనే 108కి ఫోన్ చేయండి.