చలికాలపు పరుగు

హైదరాబాదు నగరమునకు వాయవ్యమున నున్న బాచుపల్లి వంటి శివారులలో తెల్లవారుజామున గుంపులుగా పరుగెత్తువారు కలరు. 2007వ సంవత్సరమున ఏర్పడిన హైదరాబాద్ రన్నర్స్ అను సంఘము నగరమున ఈ అలవాటు వ్యాపించుటకు తోడ్పడినది. ఆ సంఘము ఆగస్టు నెలలో జరుపు మారథాన్ పరుగు దూరము 42.195 కిలోమీటర్లు. అది ముగియువరకు అందరికిని ఉత్సాహమే. కార్తికమాసము వచ్చుసరికి గుంపు పలుచనగును.

చలియే కారణమని పలువురందురు. అది పూర్తిగా నిజము కాదు. పరుగెత్తునపుడు కండరములలో పుట్టు వేడిని చల్లనిగాలి సులభముగా తొలగించును. కావున దూరపు పరుగునకు వేసవికంటె చలికాలమే మేలు. అసలు చిక్కు చీకటి. జూన్ నెలలో ఆరు గంటలకు ముందే ఉదయించు సూర్యుడు జనవరిలో 6.45 గంటలు దాటినగాని కనబడడు. దుప్పటి కప్పుకొన్నవానికి ఆ వేళ నిద్ర ఎంత తీపియో వేఱుగ చెప్పవలెనా?

గుంపు అక్కఱకు వచ్చునది ఇచటనే. తనకు తానిచ్చుకొన్న మాటను తేలికగా తప్పువాడు కూడ, వీధిమలుపున స్నేహితుడు వేచియున్నాడని తలచినంతనే లేచి కూర్చుండును. అయితే వెనుకబడినవానిని విడిచిపోవు గుంపు సంక్రాంతివరకు నిలువదు. మొదట పది నిమిషములు అందరును కలసి నడచినచో బిగిసిన కండరములు సడలును, మాటలును సాగును. పొగయు మంచును కలసి నేలను కప్పిననాడు మాత్రము ఎండ వచ్చిన పిదపనే బయలుదేరుట మంచిది.