అద్దె మనది, చెత్త ఎవరిది?

ఆ ఆదివారం ఉదయం మందిరానికి బయలుదేరి, బైబిళ్ళు చేతపట్టుకుని గేటుకు తాళం వేస్తున్నాం. అంతలో ఒక పెద్దాయన సైకిలు దిగి మా దగ్గరికి వచ్చారు. గుంటూరులో మాకున్న చిన్న అద్దె ఇంటికి పక్కింటివారాయన. బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి కావడంతో ఆ వీధి వీధంతా ఆయనను మాస్టారనే పిలుస్తుంది. "మీ ఇంటి చెత్త సంగతి ఏదో ఒకటి తేల్చండి. గుట్టంతా మా గోడ వారనే పడుతోంది. కుక్కలు సంచులు చింపి మా వాకిట్లోకి లాక్కొస్తున్నాయి. దోమలకు సాయంత్రమైతే తలుపు తీయలేకపోతున్నాం. మీవాళ్ళకు మూడుసార్లు చెప్పి చూశాను" అన్నారు.

మాకేమో ఆరాధనకు ఆలస్యమవుతోందన్న తొందర. "మేం అక్కడ ఉండటం లేదు కదా మాస్టారూ! ఉన్నవాళ్ళనే గట్టిగా అడగండి" అనేశాం. ఆయన మా చేతుల్లోని బైబిళ్ళ వంక ఒక్కసారి చూసి, మారు మాట్లాడకుండా సైకిలెక్కి వెళ్ళిపోయారు.

ఆ ఇంట్లో రెండు పోర్షన్లు. ఒక్కొక్కదానికి నెలకు 4,500 రూపాయల అద్దె. అది నెలలో మొదటి ఆదివారం. వచ్చిన 9,000 రూపాయల్లో దశమభాగం 900 రూపాయలు కవరులో పెట్టి తెచ్చుకున్నాం. కానుక సంచి మా వరుస దగ్గరికి వచ్చినప్పుడు ఆ కవరు బరువుగా తోచింది. అద్దె పుచ్చుకునేటప్పుడు ఆ ఇల్లు మాది. దశమభాగం ఇచ్చేటప్పుడూ ఆ ఇల్లు మాదే. ఫిర్యాదు వచ్చేసరికి మాత్రం మేం అక్కడ లేము! ఇదేం న్యాయం?

కొండమీది ప్రసంగంలో ప్రభువు చెప్పిన మాట (మత్తయి 5:23-24) మనందరికీ తెలిసిందే. బలిపీఠం దగ్గర కానుక అర్పించబోతుండగా సహోదరునికి మన మీద విరోధమేదైనా ఉన్నదని గుర్తుకొస్తే, కానుక అక్కడే విడిచి ముందు వెళ్ళి సమాధానపడమన్నాడు. ఎన్నోసార్లు చదివినా ఒక సంగతి మేం గమనించలేదు. మనకు ఎదుటివారి మీద కోపముంటే అని కాదు, ఎదుటివారికి మన మీద ఏదైనా ఉంటే అని ప్రభువు అన్నాడు. అంటే మన మీద ఫిర్యాదు ఉన్నప్పుడు మొదటి అడుగు వేయవలసింది మనమే. మాస్టారు మన సంఘస్థుడు కాదు కదా అని మనసు తప్పించుకోజూసింది. కానీ 'నా పొరుగువాడెవడు?' అని అడిగిన ధర్మశాస్త్ర పండితునికి మంచి సమరయుని ఉపమానంతో జవాబిచ్చిన ప్రభువు ఆ దారి కూడా మూసేశాడు. పొరుగువాని గురించి ఎంతో చెప్పుకుంటాం. దూరప్రాంతాల సువార్త పనికి కానుకలు పంపుతాం. ఒకే గోడ పంచుకుంటున్న పక్కింటివాడు మాత్రం మన లెక్కలోకి రాడు.

పిట్టగోడ కట్టవలసిందెవరు?

ఆ మధ్యాహ్నం భోజనాలయ్యాక బైబిలు తెరిచి కూర్చున్నాం. ద్వితీయోపదేశకాండము 22:8లో ఇల్లు కట్టేవారికి ఒక ఆజ్ఞ ఉంది. కొత్త ఇల్లు కట్టినవాడు పైకప్పు చుట్టూ పిట్టగోడ కట్టాలి. అలా కట్టకపోతే, ఎవరైనా పడి చనిపోయినప్పుడు ఆ దోషం ఆ ఇంటి మీదికి వస్తుంది. ఇశ్రాయేలీయుల ఇళ్ళ కప్పులు బల్లపరుపుగా ఉండేవి. జనం వాటి మీద పనులు చేసుకునేవారు, పడుకునేవారు. పడినవాడు చూసుకుని నడవాలి కదా అని యజమాని తప్పుకోవడానికి ధర్మశాస్త్రం వీలివ్వలేదు. నిర్గమకాండము 21:33-34లోనూ అదే వరస. గొయ్యి తవ్వి కప్పకుండా వదిలితే, అందులో పొరుగువాని ఎద్దో గాడిదో పడి చచ్చినప్పుడు గొయ్యి యజమానే నష్టం కట్టుకోవాలి. మన స్థలం వల్ల పక్కవానికి కీడు కలిగితే, ఆ కీడు మన చేతితో చేసింది కాకపోయినా దేవుడు మననే అడుగుతాడు.

సాయంత్రానికి వెళ్ళి చూశాం. మాస్టారు చెప్పినదాంట్లో అతిశయోక్తి లేదు. మా ఇంటికీ ఆయన గోడకూ మధ్య మూరెడు సందులో మోకాలెత్తు చెత్త! కుళ్ళిన కూరగాయల తొక్కలు, పాల ప్యాకెట్లు, కొబ్బరి బోండాలు, విస్తరాకులు, ప్లాస్టిక్ కప్పులు. పక్కన మురుగు కాలువ ఆ సంచులతోనే పూడిపోయి నీళ్ళు నిలిచిపోయాయి. కాలువ మురుగులో ఒక రకం దోమ పెరిగితే, బోండాల్లోనూ కప్పుల్లోనూ నిలిచిన మంచినీటిలో డెంగీ తెచ్చే దోమ గుడ్లు పెడుతుంది. వారం పది రోజుల్లో అది రెక్కలొచ్చి ఎగిరిపోతుంది. పక్కింట్లో మాస్టారి మనవరాలు చంటిపిల్ల. ఆయన కోపంలో న్యాయముందని అప్పుడు తెలిసింది.

మాస్టారు మమ్మల్ని చూసి బయటికి వచ్చారు. "ఎవరికి పడితే వాళ్ళకు ఇల్లు అద్దెకిస్తే ఇలాగే ఉంటుంది. వాళ్ళను ఖాళీ చేయించండి, మీకూ మాకూ పీడ పోతుంది" అన్నారు. నిజం చెప్పాలంటే ఆ మాట మాకు కూడా తేలిగ్గానే తోచింది. నెల గడువిచ్చి ఖాళీ చేయమంటే ఫిర్యాదు ఆ రోజుతో తీరిపోతుంది. పక్కింటాయన సంతోషిస్తారు, మన మంచితనమూ నిలుస్తుంది. కానీ ఒక పొరుగువానిని శాంతపరచడానికి మరో పొరుగువానిని వీధిలో నిలబెట్టడం సమాధానమవుతుందా? "ఒక్క వారం ఓపిక పట్టండి మాస్టారూ. తప్పు మాదే, ఉదయం మీతో అలా మాట్లాడవలసింది కాదు" అని చెప్పి, వెనక పోర్షను తలుపు తట్టాం.

అడిగితే కదా తెలిసేది

వెనక పోర్షనులో ఉన్నది ఒక చిన్న కుటుంబం. భర్త మిర్చి యార్డులో హమాలీ. భార్య కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళుతుంది. సీజను కావడంతో యార్డులో రాత్రీ పగలూ పని. మమ్మల్ని చూడగానే ఆ అమ్మాయి ముఖం పాలిపోయింది. ఇల్లు ఖాళీ చేయమంటామని భయపడింది.

"చెత్త బండికి ఎందుకు ఇవ్వటం లేదమ్మా?" అని అడిగాం.

"బండి ఏడింటికి వస్తది ఆంటీ. నేను ఆరుకే పనికి పోతాను. ఆయన వచ్చేసరికి బండి వెళ్ళిపోతది. సంచి ఇంట్లో పెడితే ఎండకు పురుగు పడుతంది. చిన్నపిల్లలున్న ఇల్లాయె. ఎక్కడ పెట్టమంటారు? మాకు డబ్బా కూడా లేదు" అంది.

ఎక్కడ పెట్టమంటారు అన్న ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు. 2021 అక్టోబరులో రాష్ట్రంలో క్లాప్ కార్యక్రమం మొదలైనప్పుడు పట్టణాల్లో ఇంటింటికీ తడి చెత్తకు ఆకుపచ్చ, పొడి చెత్తకు నీలం, ప్రమాదకరమైన చెత్తకు ఎరుపు డబ్బాలు పంచారు. మా ఇంటికి వచ్చిన డబ్బాలు పాతవాళ్ళు ఖాళీ చేసినప్పుడు ఏమయ్యాయో మేం అడగలేదు. కొత్తవి కొనలేదు. పైగా రెండో పోర్షను వేసినప్పుడు గది కాస్త పెద్దదవుతుందని, డబ్బాలు పెట్టుకోవడానికి వీలుండే మూల కూడా కలిపేసుకున్నాం. మేం కట్టని పిట్టగోడ అదేనని అర్థమైంది.

సోమవారం ఒక మనిషిని తోడు తీసుకుని మేమే సందు శుభ్రం చేయడానికి దిగాం. కాసేపటికి ఒక సంగతి బయటపడింది. ఆ గుట్టలో సగం మా అద్దెవాళ్ళది కానే కాదు. బోండాలు వీధి చివర నుంచి వచ్చినవి, విస్తరాకులు ఏదో ఫంక్షనువి. ఒకచోట గుట్ట కనబడితే దారినపోయే వాళ్ళంతా అక్కడే వేస్తారు. మాస్టారిని పిలిచి చూపించి, 'చూశారా, అంతా మావాళ్ళదే అన్నారు' అనాలని నాలుక దాకా వచ్చింది.

అప్పుడు అబీగయీలు గుర్తుకొచ్చింది (1 సమూయేలు 25). దావీదు పంపిన యువకులకు నాబాలు దురుసుగా జవాబిచ్చాడు. దావీదు నాలుగు వందల మందితో కత్తులు కట్టుకుని బయలుదేరాడు. ఆ యువకులు వచ్చినప్పుడు అబీగయీలు వారిని చూడనే లేదు. 'నాకేమీ తెలియదు' అని ఆమె అనవచ్చు. అది అబద్ధం కూడా కాదు. అయినా ఎదురువెళ్ళి, గాడిద దిగి, ఆ దోషం తన మీద వేసుకుంది. వాదించి గెలిచినందువల్ల కాదు, తగ్గించుకున్నందువల్లే ఆ ఇంట రక్తం చిందలేదు. మేమూ నోరు మూసుకుని సగం కాదు, మొత్తం గుట్టా ఎత్తించాం.

ఆ పని చేస్తుంటే ఎవరైనా చూస్తారేమోనని మొదట సిగ్గుపడ్డాం. యెరూషలేము గోడలు కట్టిన రోజుల్లో పెంట ద్వారాన్ని బాగుచేసినవాడు కూలివాడు కాదు, ఒక ప్రదేశానికి అధిపతి అయిన మల్కీయా (నెహెమ్యా 3:14). దేవుని పట్టణానికి ఆ ద్వారం కూడా అవసరమే. రోజూ తెల్లవారకముందే మన వీధులు ఊడ్చే కార్మికులు ఆ ద్వారం దగ్గర నిలబడినవారే. వారిలో ఎందరో మన సంఘాల బిడ్డలు. మన చెత్తను విడదీయకుండా, గాజు పెంకులతో కలిపి వారి చేతుల్లో పెట్టడం మనకు తగునా?

ఏడు గంటలకు ఎవరుంటారు?

కాలువ తీయించి, బ్లీచింగ్ పొడి చల్లించాం. రెండు పోర్షన్లకూ మూతలున్న డబ్బాలు కొన్నాం. కుక్కలకు అందకుండా గేటు పక్కన చిన్న సిమెంటు గట్టు కట్టించాం. అంతా కలిపి ఒక నెల అద్దె దాకా ఖర్చయింది. తగలబెట్టేస్తే సరిపోయేది కదా అని ఒకరు సలహా ఇచ్చారు. ప్లాస్టిక్ పొగ పక్కింటి చంటిపిల్ల పీల్చవలసిందే. వీధిలో, కాలువలో వేయకూడదనీ, బయట తగలబెట్టకూడదనీ 2016 నాటి ఘన వ్యర్థాల నియమాలే స్పష్టంగా చెప్పాయి.

అన్నీ చేశాక కూడా ఒక చిక్కు మిగిలింది. ఏడు గంటలకు బండి వచ్చినప్పుడు డబ్బా అందించేదెవరు? ముందు పోర్షనువాళ్ళు ఒకరోజు ఉంటే ఒకరోజు ఉండరు. ఆ సంగతి దాచకుండా మాస్టారికే చెప్పాం. వెనకింటి అమ్మాయి ఆరింటికే పనికి వెళ్ళే సంగతి ఆయనకూ అప్పటిదాకా తెలియదు. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఏడింటికి నేను వాకిట్లో పేపరు చదువుకుంటూనే ఉంటాను. డబ్బా గేటు దగ్గర పెట్టి వెళ్ళమను. బండి వస్తే నేను చూస్తాలే" అన్నారు.

మూడు రోజుల ముందు వాళ్ళను ఖాళీ చేయించమన్న మనిషే ఆ మాట అన్నారు. మేం ఆయనకు సువార్త చెప్పలేదు, కరపత్రం ఇవ్వలేదు. మేం చేసిందల్లా ఆయన మాట వినడం, వెళ్ళి చూడటం, తప్పు ఒప్పుకోవడం, అంతే. అంతటితో అంతా చక్కబడిందనీ అనలేం. వర్షాకాలంలో ఒక వారం మళ్ళీ సంచులు పడ్డాయి. ఈసారి మాస్టారు సైకిలెక్కి రాలేదు, ఫోను చేశారు. ఆ సాయంత్రమే వెళ్ళాం. ఫిర్యాదు చేయడానికి మన నంబరు పక్కింటివారి దగ్గర ఉండటం కూడా సమాధానంలో ఒక భాగమేనని నేర్చుకున్నాం.

ప్రియులారా, మన సంఘాల్లో ఒకటి రెండు గదులు అద్దెకిచ్చి ఆ ఆదాయం మీద బతుకుతున్న విధవరాండ్రు, రిటైరైనవారు ఎందరో ఉన్నారు. ఫిర్యాదు వచ్చిన రోజే వెళ్ళి కళ్ళతో చూడండి. అద్దెవారిని నిందించకముందు అడగండి. ఇల్లిచ్చేటప్పుడే డబ్బాలు చూపించి, బండి వచ్చే వేళ చెప్పండి. వారానికోసారి నిలిచిన నీరు పారబోయించండి. చేసింది పక్కింటివారికి వెళ్ళి చెప్పండి. అద్దెకున్నవారు కూడా ఇల్లు మనది కాదు కదా అనుకోవద్దు. ఇల్లు మనది కాకపోయినా పొరుగువాడు మనవాడే. మందిరాలకూ ఇది వర్తిస్తుంది. ప్రేమవిందు ముగిశాక విస్తళ్ళు ఎవరి గోడ వారన పడుతున్నాయో సంఘ పెద్దలు ఒకసారి వెనక్కి వెళ్ళి చూడటం మంచిది.

తర్వాతి నెల మొదటి ఆదివారం మళ్ళీ కవరు పట్టుకుని మందిరానికి బయలుదేరాం. ఖర్చుల వల్ల ఆ నెల చేతిలో మిగిలింది తక్కువే. అయినా కానుక సంచి మా వరుస దగ్గరికి వచ్చినప్పుడు చేయి తడబడలేదు. మన కానుకతోపాటు మన గోడ అవతలి మనిషిని కూడా దేవుడు చూస్తున్నాడు. వచ్చే ఆదివారం మందిరానికి బయలుదేరేముందు, మన మీద చెప్పడానికి పక్కింటివారి దగ్గర ఏమైనా ఉందేమో ఒక్కమాట అడిగి వెళదాం.