గోడ మీది ఫోటో, ఎండలో ఆకు

ఫోనులో మూడు వేల ఫోటోలు ఉండగా, గోడకు తగిలించిన నలభై ఫోటోలు చూడటానికి బస్సెక్కి వెళ్లాలా? ఫోటోగ్రఫీ క్లబ్బు పిల్లలతో ఏ ప్రదర్శనకు బయలుదేరినా ఎవరో ఒకరు ఈ మాట అడుగుతూనే ఉంటారు. న్యాయమైన ప్రశ్నే. దారిలో మేము జవాబు చెప్పం. లోపలికి వెళ్లాక ఒక పని పెట్టుకుంటాం. ముందు హాలంతా ఒకసారి చుట్టి రావాలి. తర్వాత నచ్చిన ఒక్క ఫోటో దగ్గరికి తిరిగి వెళ్లి, దాని ముందు ఐదు నిమిషాలు నిలబడాలి. నోటుపుస్తకంలో మూడు సంగతులు రాసుకోవాలి: వెలుగు ఎటు నుంచి వస్తోంది, తీసినవారు ఎక్కడ నిలబడ్డారు, ఫోటో అంచుకు అవతల ఏం ఉండి ఉంటుంది.

ఐదు నిమిషాలు చాలా పెద్ద సమయం. రెండో నిమిషంలోనే అందరూ గడియారం చూస్తారు. మూడో నిమిషంలో ఎవరికో ఒకరికి అంతవరకు కనబడనిది కనబడుతుంది: వెనుక గుమ్మంలో సగం దాక్కున్న పిల్లవాడు, నేల మీద పడిన కెమెరా స్టాండు నీడ. ఫోనులో బొటనవేలితో పక్కకు తోసేసే ఫోటోకు మనం ఇచ్చేది ఒక్క క్షణం. గోడ మీది ఫోటోను తోసేయడం కుదరదు, మనమే కదలాలి. దగ్గరికి వెళితే ఒకటి తెలుస్తుంది, నాలుగడుగులు వెనక్కి వస్తే ఇంకొకటి.

హాలు ఎందుకింత చీకటిగా ఉందని కూడా అడుగుతారు. పాత ఫోటోలకు వెలుగే శత్రువు. ఏ వెలుగు వాటిని పుట్టించిందో అదే మెల్లమెల్లగా వెలవెలబోయేలా చేస్తుంది. అందుకే మ్యూజియంలలో దీపాలు తగ్గించి పెడతారు, ఫ్లాష్ వాడనివ్వరు.

పాత ఫోటోలంటే మాకు ముందుగా గుర్తొచ్చేది రాజా దీన్ దయాళ్. ఆయన కథ మీలాంటి ఇళ్ల పిల్లలకు బాగా దగ్గరగా ఉంటుంది. మీరట్ దగ్గర సర్ధనాలో 1844లో పుట్టారు. రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇండోర్‌లో ప్రజాపనుల శాఖలో నక్షలు గీసే ఉద్యోగంలో చేరారు. అంటే ఊరు విడిచి వెళ్లిన ప్రభుత్వ ఉద్యోగే. కెమెరా పట్టింది అక్కడే, 1874 ప్రాంతంలో. తర్వాత ఉద్యోగం వదిలి హైదరాబాదు చేరి, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయ్యారు. సికింద్రాబాదులో స్టూడియో పెట్టారు. పరదా పాటించే స్త్రీల కోసం హైదరాబాదులో వేరుగా ఒక స్టూడియో నడిపారు. 1905లో కన్నుమూశారు. ఆయన గాజుపలకల నెగటివ్‌లు 2,800కు పైగా ఇప్పుడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి.

గాజుపలక అన్నాం కదా, అక్కడ కాస్త ఆగాలి. ఆ రోజుల్లో ఫిల్ము రీలు లేదు. పుస్తకమంత గాజుపలక మీద మందు పూసి, దాన్ని కెమెరాలో దించి, మూత తీసి, లెక్కపెట్టి మూత పెట్టేవారు. ఒక పలకకు ఒకటే ఫోటో. కింద పడితే పగిలిపోతుంది. ఎద్దుబండి మీద ఊరూరా మోసుకెళ్లాలి. కాబట్టి తీసేముందు ఎంతసేపు చూసేవారో ఊహించండి. ఆ ఫోటోల్లో మనుషులు బిర్రబిగుసుకుని ఎందుకు కూర్చుంటారని పిల్లలు నవ్వుతారు. మూత తెరిచి ఉన్నంతసేపు కదిలితే ముఖం అలుక్కుపోతుంది, అందుకని. నవ్వును అంతసేపు పట్టి ఉంచి చూడండి, ఎంత కష్టమో తెలుస్తుంది. మేము తరగతిలో పది సెకన్లు పెట్టి చూశాం. ఏడో సెకనుకు నవ్వు కాస్తా ఏడుపులా మారింది.

ఇంకొకరు హోమాయ్ వ్యారావాలా. గుజరాత్‌లోని నవసారిలో 1913లో పుట్టారు. తండ్రిది ఊరూరా తిరిగే పార్సీ నాటక బృందం, అందుకని ఆమె చిన్నతనమంతా ఊళ్లు మారడంతోనే గడిచింది. బొంబాయిలో చదువుకుని, 1942లో ఢిల్లీ వచ్చి, మనదేశపు తొలి మహిళా పత్రికా ఫోటోగ్రాఫర్‌గా పేరు తెచ్చుకున్నారు. మొదట్లో ఆమె ఫోటోలు భర్త పేరు మీద అచ్చయ్యేవి. తర్వాత ఆమె పెట్టుకున్న మారుపేరు డాల్డా 13. పుట్టింది 1913లో, భర్తను మొదట కలిసింది 13వ ఏట, కారు నంబరు డీఎల్‌డీ 13. ఇంత సరదా మారుపేరు మేము మరెక్కడా చూడలేదు! 2011లో ఆమెకు పద్మవిభూషణ్ ఇచ్చారు.

ఆమె తీసిన వాటిలో నెహ్రూ పావురాన్ని ఎగరేస్తున్న ఫోటో మీరు ఎక్కడో చూసే ఉంటారు. మాకు అంతకన్నా ఇష్టమైనది పాలం విమానాశ్రయంలోది. ఫోటోలు తీయడం ఖచ్చితంగా నిషేధం అని రాసిన బోర్డు పక్కన నెహ్రూ నిలబడి ఉంటారు, ఆ బోర్డుతో సహా ఆమె ఫోటో తీసేశారు. కంటోన్మెంటు పిల్లలు దీన్ని చూసి పడీపడీ నవ్వుతారు. అయితే అలాంటి బోర్డు ఉన్నచోట మనం మాత్రం కెమెరా తీయకూడదు. అది మనకు నెహ్రూగారు ఇచ్చిన వెసులుబాటు కాదు.

పోస్టింగు ఎప్పుడూ ఢిల్లీకో చెన్నైకో రాదు. గురుగ్రామ్‌లో మ్యూజియో కెమెరా అని పాత కెమెరాల మ్యూజియం ఉంది, అటువైపు ఉన్నవాళ్లు తప్పక చూడండి. చెన్నైలో 2016లో మొదలైన ఫోటో బినాలే బొమ్మలను గదుల్లోనే కాక జనం తిరిగే చోట్ల కూడా పెడుతుంది. ఢాకాలో 2000 నుంచి జరిగే ఛొబి మేళా వాళ్లు ఫోటోలను రిక్షా బండ్ల మీద కట్టి వీధుల్లో తిప్పారు కూడా. ఇవేవీ లేని ఊళ్లో? రైల్వే ఇన్‌స్టిట్యూట్ గోడ మీద పాత ఫుట్‌బాల్ జట్టు ఫోటో ఉంటుంది. బజారులో పాతకాలపు స్టూడియో అద్దాల బీరువాలో ఎవరిదో పెళ్లి ఫోటో వెలిసిపోతూ ఉంటుంది. మన బడి ఆఫీసు వరండాలో మొదటి బ్యాచి పిల్లల వరుస ఉంటుంది. ఐదు నిమిషాల పద్ధతి వాటికీ పనిచేస్తుంది.

చూడటం ఒక సగం, చేతులతో చేయడం రెండో సగం. మేము మొదలుపెట్టేది చెప్పుల అట్టపెట్టెతో. పెట్టెకు ఒక చివర చిన్న కిటికీ కోసి, అల్యూమినియం రేకు అంటించి, సూదిమొనతో ఒక్క బెజ్జం పెట్టాలి. రెండో చివర అట్ట తీసేసి ట్రేసింగ్ పేపరు అతికించాలి. ఆ చివరతో పాటు తలమీద మందపాటి నల్లగుడ్డ కప్పుకుని, ఎండలో ఉన్న చెట్టు వైపు పెట్టెను తిప్పండి. కాగితం మీద చెట్టు తలకిందులుగా, రంగులతో సహా కనిపిస్తుంది. గాలికి కొమ్మలు ఊగితే అక్కడా ఊగుతాయి! వెలుగు తిన్నగానే ప్రయాణిస్తుంది. కొమ్మ నుంచి బయలుదేరిన కిరణం బెజ్జం దాటి కిందికి పోతుంది, మొదలు నుంచి వచ్చింది పైకి పోతుంది, అంతే. సుమారు వెయ్యేళ్ల కిందట అరబ్ శాస్త్రవేత్త ఇబ్న్ అల్ హైతమ్ దీన్ని శ్రద్ధగా పరిశీలించారు.

బెజ్జం పెద్దదైతే బొమ్మ వెలుగుగా ఉంటుంది కానీ మసకబారుతుంది. చిన్నదైతే స్పష్టంగా ఉంటుంది కానీ చీకటి. మరీ చిన్నదైతే వెలుగు అంచుల దగ్గర చెదిరి మళ్లీ మసక. పది సెంటీమీటర్ల పెట్టెకు అర మిల్లీమీటరు కన్నా కాస్త తక్కువ బెజ్జం సరిపోతుంది. సూర్యుడి వైపు మాత్రం పెట్టెను ఎప్పుడూ తిప్పకండి.

ఈ బెజ్జాలు చెట్టు కింద కూడా ఉంటాయి. వేపచెట్టు నీడలో నేల మీద గుండ్రని వెలుగు చుక్కలు కనబడతాయి కదా, ఆకుల సందులు గుండ్రంగా లేకపోయినా చుక్కలు గుండ్రంగానే ఎందుకుంటాయి? ఒక్కో చుక్క ఒక్కో సూర్యుడి బొమ్మ కాబట్టి. 2019 డిసెంబరు 26న సూర్యగ్రహణం పట్టినప్పుడు చెట్ల కింద ఆ చుక్కలన్నీ నెలవంకలైపోయాయి.

తెలుగు మాస్టర్లం కాబట్టి ఇక్కడ ఒక మాట గురించి చెప్పకుండా ఉండలేం. ఫోటోగ్రఫీ అనే గ్రీకు మాటకు వెలుగుతో గీయడం అని అర్థం. మనవాళ్లు ఛాయాచిత్రం అన్నారు. ఛాయ అంటే నీడ. ఒకే పనికి వాళ్లు వెలుగు పేరు పెడితే మనం నీడ పేరు పెట్టాం. ఎవరిది సరైనది? మేము పిల్లల చేత వాదన పెట్టించాం, తేలలేదు. తర్వాత చేసిన ప్రయోగంలో మాత్రం నీడ పక్షమే గెలిచింది.

ఆ ప్రయోగం పేరు సయనోటైప్. కెమెరా అక్కర్లేదు. 1842లో ఇంగ్లండులో జాన్ హెర్షెల్ అనే శాస్త్రవేత్త కనిపెట్టారు. మరుసటి ఏడే ఆన్నా ఆట్కిన్స్ అనే వృక్షశాస్త్రవేత్త సముద్రపు నాచుమొక్కలను ఇలాగే అచ్చొత్తి పుస్తకంగా తెచ్చారు. ఫోటోలతో వచ్చిన మొదటి పుస్తకం అదేనంటారు. ఇంజనీర్ల నక్షలను నీలం కాగితాల మీద తీసిందీ ఈ పద్ధతిలోనే, బ్లూప్రింట్ అనే మాట అలా వచ్చింది.

దీన్ని కెమిస్ట్రీ ల్యాబులో, టీచరుగారి ఎదుటే, చేతులకు గ్లౌజులు వేసుకుని చేయాలి. వంద మిల్లీలీటర్ల నీళ్లలో 25 గ్రాముల ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్ ఒక సీసాలో, అంతే నీళ్లలో 10 గ్రాముల పొటాషియం ఫెర్రిసయనైడ్ ఇంకో సీసాలో కలపాలి. రెండో పేరు వినగానే కంగారు పడక్కర్లేదు, అది సినిమాల్లో చూపించే సయనైడ్ కాదు. కానీ దాన్ని వేడి చేయకూడదు, ఆమ్లాలతో కలపకూడదు. ఎండ రాని గదిలో రెండింటినీ సమానంగా కలిపి మందపాటి డ్రాయింగు కాగితం మీద కుంచెతో పూసి, చీకట్లో ఆరబెట్టాలి. కాగితం పసుపు కలిసిన ఆకుపచ్చగా ఉంటుంది. దానిమీద ఆకు పెట్టి, పైన అద్దం ఉంచి, ఎండలోకి తీసుకెళ్లాలి.

ఎంతసేపు ఉంచాలన్నది ఊరిని బట్టి, నెలను బట్టి మారుతుంది. బదిలీల పిల్లలకు ఇదొక తమాషా. ఒకే కొలతలో కలిపిన మందు ఎడారి ఊళ్లో మే నెలలో ఐదారు నిమిషాలకు తేలిపోతే, మబ్బు పట్టిన కొండ ఊళ్లో అరగంట పట్టవచ్చు. కాబట్టి కొత్త ఊరికి వెళ్లగానే ఒక పట్టీ కాగితాన్ని అట్టతో కప్పి, రెండేసి నిమిషాలకు కొంచెం కొంచెం అట్ట జరుపుతూ చూడాలి. ఏ ముక్కకు రంగు బాగా వచ్చిందో అదే ఆ ఊరి లెక్క. మా క్లబ్బు పుస్తకంలో ఊళ్ల పేర్లు, పక్కన నిమిషాలు ఉన్నాయి. వాతావరణ శాఖ కూడా ఇంత శ్రద్ధగా రాసుకోదేమో అనిపిస్తుంది.

కాగితం బూడిదరంగుకు తిరిగాక నీళ్లలో ఐదారు నిమిషాలు కడగాలి. అప్పుడు అందరూ బకెట్టు చుట్టూ చేరతారు. ఎండ తగిలిన చోటు నీలమవుతుంది, ఆకు నీడ పడిన చోట మందు కొట్టుకుపోయి తెల్లగా మిగులుతుంది. మునగరెమ్మ వేస్తే చిన్న చిన్న ఆకులన్నీ విడివిడిగా పడతాయి. ఎండిన రావి ఆకు ఈనెల జాలు వేస్తే ఒక్కో గీతా తేలుతుంది. జామాకు మందం కాబట్టి వట్టి ఆకారమే వస్తుంది, లోపల ఏమీ కనబడదు. అయినా పిల్లలు జామాకే ఎక్కువగా తెస్తారు. ఎందుకంటే క్వార్టర్ వెనుక ఉన్నది అదే చెట్టు, వేసవి సెలవుల్లో ఆర్డరు వస్తే వదిలి వెళ్లాల్సిందీ అదే.

బదిలీకి ముందు ఏం ఫోటో తీయాలి అని పిల్లలు అడుగుతారు. అందరూ తీసేది గేటు దగ్గర గ్రూపు ఫోటో. తీయండి. దాంతో పాటు ఎవరూ తీయనివి కూడా తీయండి: గుమ్మం పక్కన మీ ఎత్తు కొలిచిన పెన్సిలు గీతలు, సున్నం వేస్తే రేపే పోతాయి. సైకిలు ఆనించే గోడ. మధ్యాహ్నం మూడు గంటలకు వంటింటి గచ్చు మీద పడే ఎండ. పక్కింటి ఆంటీ చేతులు, ముఖం వద్దంటే.

అలాంటివి ఎవరికి కావాలి అనుకోవద్దు. నేపాల్‌లో నేపాల్ పిక్చర్ లైబ్రరీ వాళ్లు సరిగ్గా ఇలాంటి ఇంటి ఆల్బములనే సేకరిస్తున్నారు. ఆడవాళ్లు బడికి వెళ్లడం, సభల్లో మాట్లాడటం, పెళ్లిళ్లు, ప్రయాణాలు చూపే ఫోటోలను వాళ్లు 2018లో పాటన్‌లో ప్రదర్శనగా పెట్టారు. అప్పటిదాకా అవి ఇళ్లలో ట్రంకుపెట్టెల్లో ఉన్నవి. ఏ ఆల్బములోనైనా ఎక్కువగా కష్టపెట్టేది ఒకటే: ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అని రాయకపోవడం. ముఖం ఉంటుంది, పేరు ఉండదు. చెప్పగలిగిన అమ్మమ్మ ఉండరు.

అందుకని ఏడాదికి కనీసం పాతిక ఫోటోలైనా కాగితం మీద అచ్చు వేయించుకోమంటాం. ఫోను మారినప్పుడు పోయేవి పోతాయి. వెనుక వైపు మెత్తటి పెన్సిలుతో, నొక్కకుండా రాయాలి. బాల్‌పెన్ను గట్టిగా నొక్కితే ముందువైపు గీతలు తేలతాయి, సిరా పక్క ఫోటోకు అంటుకుంటుంది. తారీఖు, ఊరు, క్వార్టర్ నంబరు, అందులో ఉన్నవాళ్ల పేర్లు ఎడమ నుంచి కుడికి. తీసినవారి పేరు కూడా. గ్రూపు ఫోటోలో ఎప్పుడూ కనబడనిది ఆ ఒక్కరే కదా.