చెక్క నేల కింద ఏముంది?

రాయచోటిలో ఇంటి నేల అనగానే గుర్తొచ్చేది నాపబండ. కడప బండగా దేశమంతా తెలిసిన ఈ నల్లరాయిని భూగర్భ శాస్త్రవేత్తలు నార్జి సున్నపురాయి అంటారు. పొరలుగా చీలుతుంది, చెమ్మకు ఉబ్బదు. చెక్క ఉబ్బుతుంది. రాతిసీమలో టేకు నేల వేయించుకునేవాళ్లు ముందు పట్టించుకోవలసింది ఈ తేడానే.

టేకు పలక పొడవున దాదాపు కదలదు, అడ్డంగా కదులుతుంది. 12 అడుగుల వెడల్పు గదిలో చెక్క చెమ్మ 4 శాతం పెరిగితే, లెక్కకు అంగుళం దాకా విస్తరణ! మే ఎండల్లో ఎండి ముడుచుకున్న పలకల్ని గోడకు ఆనించి బిగిస్తే, ఈశాన్య రుతుపవనాల వానలకు నేల మధ్యలో గుడారంలా లేస్తుంది. అందుకే గోడల వెంట ముప్పావు అంగుళం సందు వదలాలి. ఆ సందును కప్పే స్కర్టింగ్ పట్టీని గోడకే కొట్టాలి, పలకలకు కాదు.

  

పలకల్ని కాంక్రీటు స్లాబు మీద వేసేట్టయితే ముందు స్లాబు ఆరాలి. స్లాబుకు 28 రోజులన్నది బలం లెక్క, ఆరే లెక్క కాదు. మట్టి గట్లు కట్టి నీళ్లు నిలపడం కాంక్రీటుకు చాలా మేలు. అయితే ఆరడం మొదలయ్యేది ఆ నీళ్లు తీశాకే. అంగుళం మందానికి నెల అని పనివాళ్ల ఉజ్జాయింపు. అడుగున్నర చదరం పాలిథీన్ షీటును నాలుగు వైపులా టేపుతో అంటించి 16 గంటలు ఉంచండి. కింద నీటి చుక్కలు కనిపించినా, సిమెంటు రంగు ముదిరినా ఇంకా ఆగాలి. ఏమీ కనిపించకపోతే లోపలా ఆరిందని అనుకోవద్దు. స్లాబు మందంలో 40 శాతం లోతుకు రంధ్రం వేసి, చెమ్మ కొలిచే మీటరుతో చూడటమే నమ్మదగిన పద్ధతి.

అసలు చిక్కు సగం చెక్క, సగం కాంక్రీటు ఉన్నచోట. పాత మిద్దెలో దూలాల మీద పలకల అంతస్తు, పక్కనే కొత్త ఆర్సీసీ గది ఉన్నాయనుకోండి. చెక్క వైపు మేకులు నేరుగా దిగుతాయి. కాంక్రీటు వైపు ముందు పాలిథీన్, దానిమీద ప్లైవుడ్ పరిచి, ఆపైన పలకలు కొట్టాలి. ఆ ప్లైవుడ్ మందాన్ని మొదటే లెక్కలోకి తీసుకోకపోతే గడప దగ్గర ఎత్తు తేడా వస్తుంది. రెండు కట్టడాలకూ పునాదులు వేరైతే, పలకల్ని ఒకే వరసగా దాటించకుండా అతుకు దగ్గర ఆపి, మధ్యలో పట్టీ వేయడమే నా దృష్టిలో క్షేమం.

తెలుగువాళ్లు ఎక్కువగా స్థిరపడిన డాలస్ శివార్లలో ఈ రెండు రకాలూ తరచూ ఒకే ఇంట్లో కనిపిస్తాయి: కింద కాంక్రీటు స్లాబు, మేడ మీద చెక్క. అక్కడి బంకమట్టి కూడా మన ప్రొద్దుటూరు వైపు నల్లరేగడిలాగే తడికి ఉబ్బి, ఎండకు బీటలిస్తుంది. కాబట్టి చెక్క ఒక్కటే కాదు, స్లాబూ కదులుతుంది.